రేసర్ అవుతానంటున్న కొడుకు... డాక్టర్ ఏం చెప్పాలి?

గంటకు రెండొందల కిలోమీటర్ల వేగం. ముందూ వెనకా ఇరవైకి పైగా కార్లు. కారు లోపల యాభై డిగ్రీల వేడి. గుండె నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటున్నా చెయ్యి వణకకూడదు. టూరింగ్ కార్ రేసర్ ఉద్యోగం అలాంటిది. దానికి ధైర్యం ఒక్కటే చాలదు. కంటిచూపు, మెడ, నిద్ర, తాగే నీళ్లు... అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ లెక్కల్లో రోజూ కారో బండో నడిపే మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

ఆ రోజు సోమవారం. ఓపీ కిటకిటలాడుతోంది. వీర్నపల్లి నుంచి ఒక తండ్రీకొడుకులు లోపలికి వచ్చారు. తండ్రికి యాభైకి దగ్గర. పన్నెండేళ్లుగా దుబాయ్‌లో పెద్ద బండి డ్రైవర్. సెలవు మీద వచ్చి షుగర్ చూపించుకోవడానికి వచ్చాడు. పక్కనున్న కొడుకుకు పదిహేడేళ్లు. కుడి చేతికి పిండికట్టు. ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద దోస్తుతో పందెం వేసి బైకు నడిపి పడ్డాడు.

నేను మందుల చీటీ రాస్తుంటే తండ్రి అసలు సంగతి బయటపెట్టాడు. ‘‘సార్, నా షుగర్ సంగతి తర్వాత. వీడు కార్ల రేసుల పోతడట. నేను ఇన్నేండ్ల నుంచి దుబాయ్‌ల బండి నడుపుతున్న, ఒక్క యాక్సిడెంట్ చెయ్యలే. వీడు ఊర్లెనే చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. జెర మీరన్న చెప్పుండ్రి.’’

పిల్లవాడు తల దించుకోలేదు. ఎడమ చేత్తో ఫోన్ తీసి చూపించాడు. 2025 జనవరిలో దుబాయ్‌లో జరిగిన 24 గంటల రేసు. నటుడు అజిత్ కుమార్ జెండా పట్టుకుని పరుగెత్తుతున్నాడు. ‘‘సార్, ఆయనకు యాభై మూడేండ్లు. ఆయనే నడిపిండు. నాకు పదిహేడే కద సార్!’’

‘వద్దు’ అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు. కానీ పదిహేడేళ్ల పిల్లలకు ‘వద్దు’ అన్నమాట ఆ గది దాటితే గుర్తుండదు. ‘‘పిండికట్టు తీసే రోజు ఇద్దరూ మళ్లీ రండి. అప్పుడు చెప్తాను’’ అన్నాను. ఆ ఆరు వారాల్లో ఒక ఫిజీషియన్‌గా ఆ ఉద్యోగాన్ని కూర్చుని చదివాను. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అసలేమిటీ టూరింగ్ కార్ రేసింగ్?

రేసు అనగానే మనకు చక్రాలు బయటకు కనిపించే ఫార్ములా కార్లు గుర్తొస్తాయి. టూరింగ్ కార్లు అవి కావు. మన వీధిలో తిరిగే సెడాన్, హ్యాచ్‌బ్యాక్ కార్లనే రేసుకు తగ్గట్టు మార్చి నడుపుతారు. లోపలి సీట్లు, అలంకారాలు తీసేసి ఉక్కు గొట్టాల పంజరం బిగిస్తారు. ఇంజిన్, బ్రేకులు, టైర్లు మారుస్తారు. బ్రిటన్‌లో ఈ ఛాంపియన్‌షిప్ 1958 నుంచి సాగుతోంది. జర్మనీలో డీటీఎం, ఆస్ట్రేలియాలో వెయ్యి కిలోమీటర్ల బాథర్స్ట్ రేసు పేరున్నవి. మన దేశంలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఇందుకు వేదికలు.

మన హైదరాబాద్‌కూ ఈ రుచి తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ చుట్టూ ఫార్ములా ఈ రేసు జరిగింది. దేశంలో అదే మొదటిది. హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016లో యూరో జేకే 16 జాతీయ టైటిల్ గెలిచాడు. 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ తరఫున ట్రాక్ మీదికి వచ్చాడు.

ఇది ఎన్నేళ్ల ఉద్యోగం? కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్‌ను చూడండి. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు. ఆ తర్వాత రకరకాల రేసులు తిరిగి, 2019 నవంబరులో జపాన్ సూపర్ జీటీ, జర్మనీ డీటీఎం కార్లు కలిసి ఫుజీ ట్రాక్ మీద పోటీపడితే అందులో ఒక రేసు గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 42. అంటే ఒళ్లు కాపాడుకుంటే నలభై దాటినా నిలవొచ్చు. కాపాడుకోకపోతే ఇరవైలోనే ముగిసిపోతుంది. పెట్రోలు ఎంత పోసినా, నడిపేవాడి ఒళ్లు సహకరించకపోతే కారు ముందుకు పోదు.

కూర్చుని చేసే వ్యాయామం

‘కూర్చుని స్టీరింగ్ తిప్పడానికి ఒంట్లో బలం ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. రేసులో డ్రైవర్ గుండె నిమిషానికి 150 నుంచి 180 సార్ల దాకా కొట్టుకుంటుంది. అంటే చాలాసేపు పరుగెత్తేవాడి గుండెతో సమానం. ఇందులో శారీరక శ్రమతోపాటు అడ్రినలిన్ హార్మోన్ ప్రభావం కూడా ఉంటుంది. పక్క కారు తగులుతుందేమోనన్న ఉద్వేగం, వేడి, బ్రేకు మీద పదుల కిలోల బలంతో తొక్కడం... అన్నీ కలిసి గుండెను పరుగు పెట్టిస్తాయి.

మూల తిరిగేటప్పుడు శరీరం బయటివైపు లాగినట్టు అవుతుంది. మన తల సుమారు అయిదు కిలోలు. హెల్మెట్ కలిపితే ఆరున్నర. మలుపులో ఆ బరువు ఒకటిన్నర రెట్లు అయితే మెడ మీద దాదాపు పది కిలోల లాగుడు. అది ఒక్కసారి కాదు, ప్రతి మలుపులో, రేసంతా. అందుకే రేసర్లు కండలు చూపించే వ్యాయామాల కన్నా మెడ, నడుము, ముంజేతుల వ్యాయామాలకే ఎక్కువ సమయం ఇస్తారు. దాంతోపాటు పరుగు, సైకిల్, ఈత తప్పవు.

ఆ పిల్లవాడు జిమ్‌కు పోతున్నాడట, చేతి కండల కోసం. ‘‘మెట్లు ఆపకుండా ఎన్ని ఎక్కగలవు తమ్మీ?’’ అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

సాంచాల షెడ్డులో వేడి... కారులో వేడి

సిరిసిల్లలో ఎండాకాలం సాంచాల షెడ్డులోకి అడుగుపెట్టినవాళ్లకు వేడంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మూసి ఉన్న రేసు కారు కూడా అలాంటి షెడ్డే. ఏసీ హాయి ఉండదు. ఇంజిన్ వేడి, ఎండ వేడి కలిసి లోపల 50 డిగ్రీలు తాకుతుంది. పైగా మంటల నుంచి కాపాడే మందపాటి సూటు, లోపల మరో పొర, చేతికి తొడుగులు, తలకు ముసుగు, దానిమీద హెల్మెట్.

మన శరీరం చల్లబడేది చెమట ఆరడం వల్ల. ఆ సూటులో చెమట పడుతుంది కానీ ఆరదు. గంటకు లీటరుకు పైగా నీరు పోతుంది. శరీర బరువులో రెండు శాతం నీరు తగ్గితే చాలు, ఏకాగ్రత, నిర్ణయం తీసుకునే వేగం మందగిస్తాయి. డెబ్భై కిలోల మనిషికి అది లీటరున్నర లోపే. దాహం వేసేసరికే ఆలస్యం అయిపోతుంది. 2023 అక్టోబరు 8న ఖతార్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసు గుర్తుందా? ప్రపంచంలోనే మేటి శిక్షణ పొందిన డ్రైవర్లలో ఒకరు హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నారు. ఇంకొకరు ఒళ్లు సహకరించక రేసు మధ్యలో ఆగిపోయారు.

అందుకే రేసర్లు రేసుకు వారం పది రోజుల ముందునుంచే వేడికి ఒళ్లు అలవాటు చేసుకుంటారు. రోజూ కొంచెం కొంచెంగా వేడిలో వ్యాయామం చేస్తే శరీరం తొందరగా, ఎక్కువగా చెమట పట్టించడం నేర్చుకుంటుంది. చెమటలో ఉప్పు పోవడం తగ్గుతుంది. రేసు ముందు, తర్వాత బరువు చూసుకుని ఎంత నీరు పోయిందో లెక్కకడతారు. చల్లటి నీరు తిరిగే బనియన్లు వేసుకుంటారు.

ఈ మాట రేసర్లకే కాదు. ఊరి నుంచి గల్ఫ్‌కు మొదటిసారి వెళ్లే తమ్ముళ్లు, చాన్నాళ్ల సెలవు తర్వాత తిరిగి వెళ్లేవాళ్లు, ఏప్రిల్‌లో ఉపాధి పనికి పోయేవాళ్లు మొదటి రోజే ఎండలో పూర్తి పని చేయకూడదు. వారం పది రోజులు మెల్లగా పెంచుకుంటూ పోవాలి. తల తిరగడం, వాంతి, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం కనిపిస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ వెంటనే ఆసుపత్రికి తేవాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

లైసెన్స్ కన్నా ముందు మెడికల్

దేశంలో రేసు నడపాలంటే మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ల సమాఖ్య, అంటే ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్స్ కావాలి. దానికి డాక్టర్ సంతకంతో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధనలు చదివితే ఏ అవయవానికి ఎంత విలువో తెలుస్తుంది.

కళ్లు: అద్దాలతోనైనా రెండు కళ్లూ బాగా కనపడాలి. ఎదురుగా చూస్తున్నా పక్కల్లో కదలికలు తెలియాలి. రంగులు గుర్తుపట్టాలి. ఎందుకంటే ట్రాక్ మీద మాటలుండవు, జెండాలే మాట్లాడతాయి. పసుపు అంటే ముందు ప్రమాదం, దాటొద్దు. ఎరుపు అంటే రేసు ఆపారు. ఆకుపచ్చ అంటే దారి క్లియర్. నీలం అంటే వెనక వేగంగా వస్తున్నవాడికి దారివ్వు. ఇవి తారుమారైతే ప్రాణాలు పోతాయి.

గుండె: ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉన్న జబ్బులుంటే అనుమతి లేదు. వయసు పైబడినవాళ్లకు పరుగెత్తించి తీసే ఈసీజీ అడుగుతారు. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో కుప్పకూలి చనిపోయి ఉంటే, ఆటల్లోకి పంపే ముందు పిల్లలకు ఈసీజీ, అవసరమైతే ఎకో తీయించండి. ఇది కబడ్డీ ఆడేవాళ్లకూ వర్తిస్తుంది.

మూర్ఛ: ఫిట్స్‌కు మందులు వాడుతున్నవాళ్లు రేసుకు పనికిరారు. మామూలు రోడ్డు మీద కూడా న్యూరాలజిస్ట్ సలహా లేకుండా బండి ఎక్కకూడదు. ‘ఈ మధ్య రాలేదు కదా’ అని దాచిపెట్టడం ఎదుటివాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే.

షుగర్: ఇక్కడ తండ్రి చెవులు రిక్కించాడు. షుగర్ ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. అమెరికాలో చార్లీ కింబల్ అనే రేసర్‌కు టైప్ 1 డయాబెటిస్. షుగర్ ఎంతుందో చూపే మీటరును స్టీరింగ్ దగ్గరే పెట్టుకుని, హెల్మెట్‌లోకి ఒక గొట్టంలో నీళ్లు, మరో గొట్టంలో తియ్యటి నారింజ రసం వచ్చేలా ఏర్పాటు చేసుకుని నడిపాడు. 2013లో ఇండీకార్ రేసు గెలిచాడు. ‘‘మరి అన్నా, నీ బండిలో ఏముంటుంది?’’ అని అడిగాను. ‘‘ఏం లేదు సార్, చాయ్ తాగి పోత’’ అన్నాడు. షుగర్ మాత్రలు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడే డ్రైవర్లు తినకుండా స్టీరింగ్ పట్టకూడదు. చెమటలు, వణుకు, కళ్లు మసకలు వస్తే వెంటనే బండి పక్కకు ఆపి గ్లూకోజు గానీ చక్కెర గానీ నోట్లో వేసుకోవాలి. పదిహేను నిమిషాలాగి చూసి, ఏదైనా తిని, పూర్తిగా తేరుకున్నాకే కదలాలి. గ్లూకోజు ప్యాకెట్ డ్యాష్‌బోర్డులో ఉండాల్సిన వస్తువు.

నిద్ర కూడా మందే

ఇరవైనాలుగు గంటల రేసులో ఒక్కరే నడపరు. ముగ్గురు నలుగురు వంతులవారీగా నడుపుతారు. దిగినవాడు ఫోన్ చూడడు. తింటాడు, తాగుతాడు, కళ్లు మూసుకుంటాడు. అది కూడా వాళ్ల డ్యూటీలో భాగమే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట రాత్రంతా డ్యూటీ చేసి తెల్లారి నేనే కారు నడుపుకుంటూ ఇంటికి బయల్దేరాను. ఒక చోట కళ్లు తెరిచేసరికి కారు రోడ్డు దిగి మట్టిలో పోతోంది. అంతకుముందు కొన్ని క్షణాలు ఏం జరిగిందో ఇప్పటికీ గుర్తులేదు. ఎదురుగా ఏ బండీ లేకపోవడం నా అదృష్టం. వైద్యంలో దాన్ని మైక్రోస్లీప్ అంటాం. కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లు ఆగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకంటే 66 మీటర్లు ఎవరూ నడపకుండా పోయినట్టే.

పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మెదడు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మెదడులా పనిచేస్తుందని పరిశోధనలు తేల్చాయి. మన చట్టం అనుమతించేది 0.03 శాతమే. అంటే పెళ్లికి పోయి రాత్రంతా మేలుకుని తెల్లారి బయల్దేరే డ్రైవర్ చుక్క తాగకపోయినా తాగినవాడి కిందే లెక్క. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు. బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే మందు.

పడ్డా ఎలా బతుకుతున్నారు?

అజిత్ గెలుపు వీడియో చూపించిన పిల్లవాడు దానికి ముందు జరిగింది చూడలేదు. రేసుకు ముందు ప్రాక్టీసులో ఆయన కారు గోడను గుద్దుకుని గిరగిరా తిరిగింది. ఆయన దెబ్బ తగలకుండా బయటికి నడిచొచ్చాడు. అది మాయ కాదు. ఉక్కు పంజరం, భుజాలను నడుమును కట్టిపడేసే బెల్టులు, హెల్మెట్, మెడకు హాన్స్ పరికరం. ఆ తర్వాత ఆయన ఆరోగ్యం దృష్ట్యా జట్టు ప్రధాన కారును ఆయన నడపకుండా మిగతావాళ్లు నడిపారు. ఆయన వేరే విభాగంలో మరో కారులో పాల్గొన్నాడు. ప్రధాన కారు తన విభాగంలో మూడో స్థానంలో వచ్చింది. నా దృష్టిలో ఆ వీడియోలో పిల్లలు చూడాల్సింది జెండా పరుగు కాదు. ‘ఈసారి నేను దిగుతాను’ అని ఒప్పుకున్న నిర్ణయం.

హాన్స్ అంటే హెల్మెట్‌ను భుజాల మీది పట్టీకి కలిపే పరికరం. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు ఒళ్లు బెల్టుతో ఆగుతుంది, తల మాత్రం ముందుకు దూసుకుపోతుంది. అప్పుడు పుర్రె అడుగు భాగం చిట్లి క్షణాల్లో ప్రాణం పోవచ్చు. బాబ్ హబ్బర్డ్ అనే అమెరికా ప్రొఫెసర్ 1980ల్లోనే దీన్ని తయారుచేసినా, ‘ఇబ్బందిగా ఉంది’ అని చాలామంది రేసర్లు పక్కనపెట్టారు. 2001 ఫిబ్రవరిలో డేల్ ఎర్న్‌హార్ట్ అనే దిగ్గజం సరిగ్గా అలాంటి గాయంతో చనిపోయాక గానీ అందరికీ తప్పనిసరి కాలేదు. హెల్మెట్ పెట్టుకుంటే ఉక్కపోస్తుందని బైకు హ్యాండిల్‌కు తగిలించుకునే మనవాళ్లు గుర్తొచ్చారా?

ఇటలీకి చెందిన అలెక్స్ జనార్డీ 2001 సెప్టెంబరు 15న జర్మనీలో జరిగిన రేసులో రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. ఒంట్లోని రక్తం చాలావరకు పోయింది. బతికాడంటే కారణం, ట్రాక్ పక్కనే ఉన్న డాక్టర్లు క్షణాల్లో చేరుకుని రక్తస్రావం ఆపడం. రెండేళ్లకు కృత్రిమ కాళ్లతో, చేత్తో యాక్సిలరేటర్ నొక్కేలా మార్చిన టూరింగ్ కారులో మళ్లీ పోటీకి వచ్చాడు. 2005లో ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో ఒక రేసు గెలిచాడు. తర్వాత చేతులతో తొక్కే సైకిల్‌పై లండన్, రియో పారాలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు సాధించాడు. షుగర్ పుండు వల్ల కాలు తీసేయాల్సివచ్చి ‘ఇక నా బతుకు అయిపోయింది’ అనే నా రోగులకు ఈ కథ చెబుతుంటాను.

అయితే అన్ని కథలూ ఇలా ముగియవు. 2023 జనవరి 8న ఇరుంగట్టుకోట్టైలో సెలూన్ కార్ల రేసులో సీనియర్ డ్రైవర్ కె.ఇ.కుమార్ కారు మరో కారుకు తగిలి బోల్తాపడింది. ఆయన ప్రాణాలు దక్కలేదు. వయసు 59. ఈ ఆటలో ప్రమాదం లేదని ఏ తండ్రికీ నేను చెప్పను.

కానీ ఇంకో పేరు కూడా చెప్పాలి. అశ్విన్ సుందర్, ఫార్ములా 4లో జాతీయ టైటిళ్లు గెలిచిన రేసర్. 2017 మార్చి 18 తెల్లవారుజామున చెన్నైలో మామూలు రోడ్డు మీద ఆయన కారు చెట్టును గుద్దుకుని మంటలంటుకుంది. ఆయన, పక్కనున్న భార్య ఇద్దరూ చనిపోయారు. ట్రాక్ మీద వందలసార్లు కాపాడిన ఏర్పాట్లేవీ రోడ్డు మీద ఉండవు. అక్కడ చెట్టుకు టైర్ల గోడ లేదు. మంట ఆర్పే మనిషి వంద గజాల్లో లేడు. ఎదురుగా వచ్చేవాడికి లైసెన్సు ఉందో లేదో తెలియదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో సుమారు 50 వేల మంది హెల్మెట్ పెట్టుకోనివాళ్లే.

ఆ పిల్లవాడికి నేను చెప్పిన మాట ఇదే: ‘‘రేసు ట్రాక్ మీదికి పోవడానికి నీకు పది పరీక్షలు పెడతారు. ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద నువ్వు పెట్టిన రేసుకు ఒక్క పరీక్షా లేదు. ఏది ప్రమాదమో నువ్వే చెప్పు.’’

మన బండికి రేసర్ అలవాట్లు

• వెనక సీట్లో కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారులోనే, వెనక సీట్లో బెల్టు లేకుండా. చంటిపిల్లలను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు.

• తల వెనకుండే దిండును తల పైభాగం ఎత్తుకు సర్దుకోండి. వెనక నుంచి గుద్దినప్పుడు మెడను కాపాడేది అదే.

• డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్ల సీసా, చెప్పులు దొర్లకుండా చూడండి. బ్రేకు కింద సీసా ఇరుక్కుంటే అంతే సంగతులు.

• వేగం రెట్టింపైతే గుద్దుకునే శక్తి నాలుగు రెట్లవుతుంది. నలభైకీ ఎనభైకీ తేడా సగం కాదు.

• హెల్మెట్ పట్టీ బిగించండి. సరిగా పెట్టుకున్న హెల్మెట్ తల గాయాల ముప్పును 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గిస్తుంది.

• తలకు దెబ్బ తగిలి క్షణమైనా తికమకపడితే ఆ రోజు ఇక బండి నడపొద్దు, ఆట ఆడొద్దు. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి.

• పద్దెనిమిది నిండని పిల్లలకు బండి తాళం ఇస్తే తల్లిదండ్రులకు 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ప్రమాదం చూస్తే...

రేసు ట్రాక్‌లో వైద్య బృందం నిమిషంలోపే చేరుతుంది. మన రోడ్ల మీద ఆ మొదటి నిమిషాల డాక్టర్ దారినపోయే మీరే. ముందు 108కి ఫోన్ చేయండి. కారుకు మంటలు అంటుకునే ప్రమాదం ఉంటే తప్ప గాయపడినవాళ్లను చేతులు పట్టి లాగకండి. మెడ కదిపితే వెన్నుపూస దెబ్బతిని జన్మంతా మంచానికే పరిమితం కావచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి, మధ్యమధ్య తీసి చూడకండి. ఊపిరి బాగానే ఉంటే హెల్మెట్ మీరు తీయొద్దు. నీళ్లు తాగించొద్దు. సాయం చేసినవాళ్లను పోలీసులు గానీ ఆసుపత్రి గానీ ఇబ్బంది పెట్టకూడదని చట్టమే చెబుతోంది. పేరు చెప్పడం కూడా మీ ఇష్టం.

పిండికట్టు తీసిన రోజు

ఆరు వారాలకు ఇద్దరూ వచ్చారు. ఎముక బాగా అతికింది. తండ్రి దుబాయ్ తిరుగు టికెట్ పదిరోజుల్లో. నా మాట కోసం చూస్తున్నారు.

‘‘నేను వద్దనను. కానీ వరుస ఉంది’’ అన్నాను. పద్దెనిమిది నిండేదాకా రోడ్డు మీద బండి ముట్టొద్దు. హైదరాబాద్ శివార్లలో కార్టింగ్ ట్రాకులున్నాయి, రేసర్లు చాలామంది మొదలుపెట్టేది అక్కడే. సెలవుల్లో పోయి చూడు. ఇది డబ్బుతో కూడిన ఆట, స్పాన్సర్ దొరకక ఆగిపోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి చదువు వదలొద్దు. రేసు జట్టులో డ్రైవర్ ఒక్కడే ఉండడు, ఇంజినీర్లు, మెకానిక్‌లు, ఫిజియోథెరపిస్టులు కూడా ఉంటారు. ‘‘ముందు కళ్లు చూద్దాం దా’’ అని పక్క గదికి తీసుకుపోయాను.

దూరపు అక్షరాలు గడగడా చదివాడు. తర్వాత ఇషిహారా పుస్తకం తెరిచాం. రంగు రంగుల చుక్కల మధ్య దాగిన అంకె చెప్పాలి. మొదటిది చెప్పాడు. రెండోది తప్పు. మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు. ‘‘ఇండ్ల అంకె ఏమీ లేదు సార్’’ అన్నాడు.

తండ్రి నావైపు చూశాడు. ఆయనకు ఆ పేజీలో అంకె స్పష్టంగా కనిపిస్తోంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో తేడా సరిగా తెలియకపోవడం మగపిల్లల్లో అంత అరుదేం కాదు. పుట్టుకతోనే వస్తుంది, తల్లి వైపు నుంచి వస్తుంది. ఆ మాట చెప్పగానే తండ్రి నెమ్మదిగా అన్నాడు: ‘‘వీని మేనమామ గూడ అంతే సార్. పండు మిరపకాయలు ఏరమంటే పచ్చివి గూడ ఏరి తెస్తుండె. సోమరితనం అనుకున్నం.’’

ఇక్కడితో తలుపు మూసుకుపోయిందని కాదు. ఇషిహారాలో తేడా వస్తే ఇంకో లోతైన పరీక్ష చేయాలని ఎఫ్ఐఏ నిబంధనల్లోనే ఉంది. జెండాల రంగుల్లో పొరపాటు రానంత స్వల్ప లోపమైతే అవకాశం ఉంటుంది. మామూలు డ్రైవింగ్ లైసెన్స్‌కు కూడా స్వల్ప, మధ్యస్థ రంగుల లోపం అడ్డు కాదని 2020లో మన కేంద్రం నిబంధన మార్చింది. పెద్ద కంటి ఆసుపత్రికి రాసిచ్చాను.

పిల్లవాడు చాలాసేపు ఆ పేజీ వైపే చూశాడు. చివరికి ‘‘మరి ఇన్నేండ్లు బండి నడిపిన గద సార్, సిగ్నల్ ఎట్ల తెలిసింది?’’ అని తనే అడిగి, తనే జవాబు చెప్పుకున్నాడు. ‘‘మా ఊర్ల సిగ్నలే లేదు.’’

తండ్రి టికెట్ వారం ముందుకు జరుపుకున్నాడట, కొడుకుతో కలిసి ఆ కంటి ఆసుపత్రికి వెళ్లడానికి. నాకు తెలిసినంతవరకు రేసర్ కావడానికి ఆ అబ్బాయి వేసిన మొదటి సరైన అడుగు అదే. మీ ఇంట్లో కూడా స్టీరింగ్ కోసం మారాం చేసే పిల్లలుంటే తాళం ఇవ్వకముందే ఒకసారి కళ్లు చూపించండి.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్)